లైసెన్స్ లేని సిబ్బందితో ఐవీ లైన్ పెట్టించవచ్చా?

అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో రోజూ ఎదురయ్యే పరిస్థితి ఇది. ఒక నర్సు చేతిలో నలుగురు పేషెంట్లు. ఒకరికి ఛాతీ నొప్పి, ఇంకొకరికి వాంతులు ఆగడం లేదు, మూడో బెడ్‌లో ఉన్నాయన ఎందుకు మగతగా ఉన్నాడో ఇంకా తేలలేదు. వాంతులవుతున్నామెకు సెలైన్ ఎక్కించాలంటే ముందు ఐవీ లైన్, అంటే చేతి సిరలోకి ఒక సన్నని గొట్టం పెట్టాలి. పక్కనే టెక్నీషియన్ ఉన్నాడు. రోజంతా రక్తం తీసేది అతనే. చెయ్యి తిరిగినవాడు, ఎంత కష్టమైన చేతిలోనైనా నరం పట్టేస్తాడని పేరు. కానీ అతనికి నర్సింగ్ లైసెన్స్ లేదు. "నువ్వు లైన్ పెట్టెయ్, నేను చూసుకుంటా" అని నర్సు అనొచ్చా?

ఈ ప్రశ్న వేస్తే నర్సుల్లోనే రెండు రకాల జవాబులు వస్తాయి. సూది గుచ్చడం చేతిపని, నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారు, దానికి నర్సింగ్ డిగ్రీ ఎందుకని కొందరంటారు. నేరుగా రక్తంలోకి దారి తెరిచే పనిని లైసెన్స్ లేనివాళ్ల చేతికి ఎలా ఇస్తారని మిగతావాళ్లు అడుగుతారు. వాదన ఎటు తిరిగినా సూది చుట్టూనే తిరుగుతుంది. అసలు చిక్కు మాత్రం సూదికి ముందూ వెనకా ఉంది. లైన్ అవసరమా, ఏ చేతికి పెట్టాలి, పెట్టింది సిరలోనే ఉందా, దాంట్లోంచి ఏ మందు ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు తీసేయాలి. ఇందులో ఏది అప్పగిస్తున్నారో, ఏది తమ దగ్గరే ఉంచుకుంటున్నారో ముందే తేల్చుకోకపోతే నర్సు పర్యవేక్షణ కాగితాలకే పరిమితమవుతుంది.

లైసెన్స్ లేని ఈ సిబ్బంది ఎవరు?

నర్సింగ్ అసిస్టెంట్లు, పేషెంట్ కేర్ టెక్నీషియన్లు, ఎమర్జెన్సీ టెక్నీషియన్లు, మెడికల్ అసిస్టెంట్లు, రక్తం తీసే ఫ్లెబాటమిస్టులు. వీళ్లలో చాలామందికి సర్టిఫికెట్ ఉంటుంది కానీ లైసెన్స్ ఉండదు. ఫలానా శిక్షణ పూర్తి చేశారని సర్టిఫికెట్ చెబుతుంది, అంతే. లైసెన్స్ వెనక ఒక రాష్ట్ర బోర్డు ఉంటుంది, ఏయే పనులు చెయ్యొచ్చో చెప్పే చట్టం ఉంటుంది, తప్పు జరిగితే విచారించి లైసెన్స్ రద్దు చేసే అధికారమూ ఉంటుంది. నర్సింగ్ హోముల్లో చేరే నర్సింగ్ అసిస్టెంట్‌కి ఫెడరల్ నిబంధనలు అడిగే కనీస శిక్షణ 75 గంటలు. స్నానం చేయించడం, పక్క మీద ఒత్తిగిలించడం, బీపీ, జ్వరం చూడటం లాంటి పనుల కోసం పెట్టిన శిక్షణ అది. ఐవీ పెట్టడం అందులో భాగం కాదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన పారామెడిక్ అంబులెన్సులో, కుదుపుల మధ్య, అరకొర వెలుతురులో ఐవీ పెడతాడు. ఎవరూ తప్పుపట్టరు, అది అతని వృత్తి. అదే మనిషి ఆసుపత్రిలో టెక్నీషియన్ ఉద్యోగంలో చేరితే ఆ లైసెన్స్ అతనితోపాటు లోపలికి రాకపోవచ్చు. అంబులెన్సులో అతని వెనక ఒక మెడికల్ డైరెక్టర్ ఉంటాడు, రాసిపెట్టిన ప్రోటోకాల్స్ ఉంటాయి, ఎమర్జెన్సీ సేవల చట్టం ఉంటుంది. ఆసుపత్రిలో అతని ఉద్యోగం టెక్నీషియన్‌దే అయితే, నర్సింగ్ బోర్డు దృష్టిలో చాలాచోట్ల అతను లైసెన్స్ లేని సహాయకుడి కిందే లెక్క. యుద్ధరంగంలో సైనికులకు ఐవీలు పెట్టి వచ్చిన ఆర్మీ మెడిక్‌కీ ఇదే అనుభవం. వాళ్లకు ఇది అవమానంగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే చట్టం ఇక్కడ నైపుణ్యాన్ని కొలవడం లేదు. తేడా వస్తే జవాబు ఎవరు చెప్పాలి, ఎవరి ఆదేశం మీద చేశారు అని అడుగుతోంది.

రాష్ట్రానికో రూలు

అమెరికాలో దీనికి దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు. ప్రతి రాష్ట్రానికీ సొంత నర్సింగ్ చట్టం, సొంత బోర్డు ఉన్నాయి. కొన్నిచోట్ల అప్పగించకూడని పనుల జాబితా ఉంటుంది. ఇంకొన్నిచోట్ల పని పేరు చెప్పకుండా, ఎలాంటి పరిస్థితిలో అప్పగించవచ్చో చెప్పి నిర్ణయాన్ని నర్సు విచక్షణకు వదిలేస్తారు. ఆ పైన ఆసుపత్రి పాలసీ ఉంటుంది. రాష్ట్రం ఒప్పుకున్న పనిని ఆసుపత్రి వద్దనొచ్చు, రాష్ట్రం వద్దన్నదాన్ని మాత్రం ఆసుపత్రి తన పాలసీతో ఒప్పుకోలేదు. ఈ రెండో సంగతి మర్చిపోయే మేనేజర్లు తక్కువేం కాదు. "మన పాలసీలో ఉంది కదా" అన్న మాట బోర్డు ముందు నిలబడదు.

కాలిఫోర్నియా ఉదాహరణ చూస్తే గీత ఎంత సన్నగా ఉంటుందో అర్థమవుతుంది. అక్కడ క్లినిక్‌లలో పనిచేసే మెడికల్ అసిస్టెంట్ నిర్ణీత శిక్షణ తీసుకుంటే సిరలోంచి రక్తం తీయొచ్చు. ఐవీ మొదలుపెట్టకూడదు, ఉన్న ఐవీని విడదీయకూడదు, అందులోకి మందు ఎక్కించకూడదు. పైకి చూస్తే రెండూ ఒకటే పనిలా ఉంటాయి. చేతికి బిగించే అదే పట్టీ (టూర్నికెట్), అదే మోచేతి మడత, దాదాపు అదే కోణంలో సూది. కానీ రక్తం తీసిన సూది ఒకట్రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది. ఐవీ గొట్టం రోజుల తరబడి లోపలే ఉంటుంది, దానిగుండా లోపలికి వెళ్లింది మళ్లీ వెనక్కి రాదు. రెండింటి మధ్య ఈ చట్టం గీసిన గీత సరైనదే అనిపిస్తుంది.

టెక్సాస్‌లో ఇంకో కోణం ఉంది. తగిన శిక్షణ ఉన్న వ్యక్తికి వైద్యపరమైన పనులు అప్పగించే విస్తృత అధికారాన్ని అక్కడి చట్టం డాక్టర్లకు ఇస్తుంది. అలాంటి చోట డాక్టరు నేరుగా టెక్నీషియన్‌కి పని చెబితే అప్పగించినది నర్సు కాదు, డాక్టరు. అయినా ఆ బెడ్ మీదున్న పేషెంట్ నర్సు పేషెంటే. గొట్టం పెట్టినచోట వాపు కనబడితే "నేను చెప్పిన పని కాదుగా" అని నర్సు తప్పుకోలేదు. ఎవరు అప్పగించారు, ఎవరు చూసుకుంటున్నారు అన్నవి వేరువేరు ప్రశ్నలు. వార్డులో ఈ రెండూ తరచూ కలగాపులగం అవుతుంటాయి.

బ్రిటన్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్లకు చట్టబద్ధమైన రిజిస్టర్ లేదు. అయినా చాలా ఆసుపత్రుల్లో శిక్షణ ఇచ్చి వాళ్లతో కాన్యులాలు (ఐవీ గొట్టాలు) పెట్టిస్తారు. అక్కడి నర్సుల కోడ్ మూడు విషయాలు అడుగుతుంది. అవతలి వ్యక్తి సామర్థ్యానికి లోబడిన పనే అప్పగించాలి, తగినంత పర్యవేక్షణ ఉండాలి, జరిగిన పని ఫలితం సరిగ్గా ఉందని నిర్ధారించుకోవాలి. మూడోదాన్నే ఎక్కువగా దాటవేస్తారు.

అమెరికన్ నర్సుల సంఘం, రాష్ట్ర బోర్డుల జాతీయ మండలి కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పని, పరిస్థితి, మనిషి, సూచన, పర్యవేక్షణ అనే ఐదూ సరైనవిగా ఉండాలని చెబుతాయి. నర్సు చేసే క్లినికల్ అంచనాను, నిర్ణయాన్ని మాత్రం ఎవరికీ అప్పగించడానికి వీల్లేదని గట్టిగా అంటాయి. చదవడానికి చక్కగా ఉంది. ఐవీ దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది ఏంటంటే, చేతిపని ఎక్కడ ఆగుతుందో, నిర్ణయం ఎక్కడ మొదలవుతుందో విడదీయడం అనుకున్నంత సులువు కాదు.

సూది లోపలికి వెళ్లే ఆ రెండు నిమిషాలు

టూర్నికెట్ బిగించి వేలితో తడుముతారు. మంచి సిర నొక్కితే మెత్తగా దిగి, వదిలితే పైకి లేస్తుంది. గట్టిగా తాడులా తగిలితే అది వాడివాడి పాడైన సిర. వేలి కింద కొట్టుకుంటూ ఉంటే అది సిరే కాదు, ధమని. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో బాగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తొందరలో చాలామంది ఆరకముందే గుచ్చేస్తారు. తుడిచాక మళ్లీ వేలితో తడిమితే శుభ్రం చేసిన శ్రమంతా వృథా. చర్మాన్ని కిందికి లాగి పట్టుకుని, 10 నుంచి 30 డిగ్రీల వాలుతో సూది దించితే సూది వెనకున్న చిన్న అరలో రక్తం మెరుస్తుంది. కొత్తవాళ్లు పొరపాటు చేసేది సరిగ్గా ఇక్కడే. రక్తం కనబడగానే సూది మీద తొడిగి ఉన్న గొట్టాన్ని తోసేస్తారు. అప్పటికి సిరలోకి వెళ్లింది సూది మొన మాత్రమే, గొట్టం అంచు ఇంకా సిర గోడ బయటే ఉంటుంది. వాలు తగ్గించి, సూదిని ఇంకో రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపి, ఆ తర్వాతే గొట్టాన్ని జార్చాలి. జారకపోతే బయటికి లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి గుచ్చకూడదు. గొట్టం ముక్క తెగి రక్తంలో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇదంతా చేతిపని, సాధనతో వస్తుంది. రోజుకు పది లైన్లు పెట్టే టెక్నీషియన్ ఈ పనిలో నెలకొకటి పెట్టే నర్సు కన్నా మెరుగ్గా ఉండటం సహజం. సాధారణంగా సిర దొరకని పేషెంట్లకు అల్ట్రాసౌండ్ చూస్తూ లైన్ పెట్టడం ఎమర్జెన్సీ టెక్నీషియన్లకు విజయవంతంగా నేర్పవచ్చని అమెరికాలో వచ్చిన అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి లైసెన్స్ లేనివాడికి చేతకాదు అన్న వాదనకు పెద్దగా బలం లేదు.

ఇప్పుడు అదే రెండు నిమిషాల్లో జరిగే నిర్ణయాలు చూడాలి. ఎడమ చేతికి డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉంది, ఆ చెయ్యి ముట్టుకోకూడదు. కుడివైపు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు, వీలైతే ఆ వైపు వద్దు. పక్షవాతం వచ్చిన చేతిలో స్పర్శ ఉండదు, మందు బయటికి లీకైనా పేషెంట్ నొప్పి అనడు. కాసేపట్లో సీటీ స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి వాడే కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కించాలంటే నీలం రంగు 22 గేజ్ గొట్టం (గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం లావు) చాలకపోవచ్చు, గులాబీ రంగు 20 గేజో అంతకన్నా లావుదో కావాలి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర సిర బాగా కనబడుతుంది కానీ దాని మీదుగానే ఒక స్పర్శ నాడి పోతుంది. మోచేతి మడతలో సిర లావుగా ఊరిస్తుంది, దాని కిందే ధమనీ, ముఖ్యమైన నాడీ ఉంటాయి. పైగా చెయ్యి మడిచినప్పుడల్లా పంపు అలారం మోగుతుంది. గుచ్చగానే కరెంట్ షాక్ కొట్టినట్టుందని పేషెంట్ అంటే ఇంకాస్త లోపలికి వెళ్లి చూద్దామనుకోకూడదు, వెంటనే తీసేయాలి.

ఇవన్నీ పేషెంట్ చరిత్ర తెలిస్తేనే తీసుకోగలిగే నిర్ణయాలు. కొన్నిటిని ముందే చెప్పి పంపొచ్చు: "కుడి చెయ్యి, ముంజేతి మీద, 20 గేజ్, ఒకట్రెండు సార్లకు మించి ప్రయత్నించొద్దు." ఇలా చెప్పి పంపితే టెక్నీషియన్ చేతికి వెళ్లేది చేతిపని. "ఆరో బెడ్‌లో లైన్ పెట్టు" అని మాత్రమే చెబితే చేతిపనితోపాటు నిర్ణయమూ వెళ్లిపోతుంది, వెళ్లినట్టు ఇద్దరికీ తెలియదు కూడా. సాధారణంగా వినబడే ఆదేశం రెండో రకమే.

ప్రయత్నాల సంఖ్యకు పరిమితి పెట్టడం చిన్న విషయంలా కనబడుతుంది. ఇన్ఫ్యూజన్ నర్సుల (సిరలోకి మందులు ఎక్కించే నర్సుల) సంఘం ప్రమాణాల ప్రకారం ఒక్కొక్కరు రెండుసార్లకు మించి గుచ్చకూడదు. టెక్నీషియన్‌కి ఈ పరిమితి ఇంకా ముఖ్యం, ఎందుకంటే నేను పెట్టలేకపోయాను అని వచ్చి చెప్పడానికి అతనికి మొహమాటం ఎక్కువ. పేరు పోతుందని మూడోసారి, నాలుగోసారి ప్రయత్నిస్తాడు. పేషెంట్ చేతుల్లో పనికొచ్చే సిరలన్నీ అయిపోయాక నర్సును పిలుస్తాడు. అప్పుడు వచ్చిన నర్సుకి మిగిలేవి నీలం మచ్చలే.

సెలైన్ ఫ్లష్ దగ్గర ఆగాలి

గొట్టం లోపలికి వెళ్లాక టూర్నికెట్ విప్పి, సెలైన్ సిరంజితో ఫ్లష్ చేసి చూస్తారు. సులువుగా వెళ్తోందా, చర్మం కింద ఉబ్బుతోందా, నొప్పి ఉందా అని గమనిస్తారు. లైన్ సిరలోనే ఉందా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. అమెరికాలో ముందే నింపి వచ్చే సెలైన్ ఫ్లష్ సిరంజిని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుగా కాకుండా వైద్య పరికరంగా అనుమతిస్తుంది. అయినా సిరలోకి ఏదైనా ఎక్కించడం మందు ఇవ్వడం కిందికే వస్తుందని చాలా ఆసుపత్రులు భావిస్తాయి. దాంతో గొట్టం పెట్టిన టెక్నీషియన్ ఫ్లష్ మాత్రం చెయ్యకూడదన్న పాలసీలు పుట్టుకొచ్చాయి.

దీన్ని చాదస్తం అనేవాళ్లున్నారు. లైన్ పెట్టనిచ్చి ఐదు మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు తోయనివ్వరా అని విసుక్కుంటారు. నిజానికి ఈ ఏర్పాటులో ఒక మంచి ఉంది. ఫ్లష్ కోసమైనా నర్సు బెడ్ దగ్గరికి రావాల్సిందే. వచ్చి, తన చేత్తో ఫ్లష్ చేసి, గొట్టం చుట్టూ వేలితో తడిమి, పేషెంట్‌ని ఒక మాట అడిగి, అప్పుడు ఆ లైన్‌ని తన లైన్‌గా స్వీకరిస్తుంది. పర్యవేక్షణకు ఇంతకన్నా స్పష్టమైన క్షణం మొత్తం ప్రక్రియలో ఇంకోటి లేదు. పాలసీ రాసేవాళ్లు దీన్ని అడ్డంకిగా చూడకుండా, బాధ్యత చేతులు మారే చోటుగా పెట్టుకోవాలి. నర్సు ఫ్లష్ చేసేదాకా ఆ లైన్‌కి ఏదీ తగిలించకూడదు. టూర్నికెట్ విప్పారా లేదా కూడా అప్పుడే మరోసారి చూసినట్టవుతుంది. చొక్కా చేతుల కింద మర్చిపోయిన టూర్నికెట్లు ఆసుపత్రుల్లో ఎప్పుడూ లేనివేం కావు.

లైన్ ఎక్కడుందో సరిచూడకుండా మందు ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటి 2009లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2000లో వెర్మాంట్ రాష్ట్రంలో, మైగ్రేన్‌తో వచ్చిన ఒక సంగీత కళాకారిణికి వాంతులు తగ్గడానికి ప్రోమెథజైన్ అనే మందును ఐవీ పుష్‌గా, అంటే సిరంజితో నేరుగా సిరలోకి తోసి ఇచ్చారు. మందు ధమనిలోకి చేరి గ్యాంగ్రీన్ వచ్చింది, ముంజేయి తీసేయాల్సొచ్చింది. ఇచ్చిన ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టరుతో కలిసి వైద్యం చేసే ఉద్యోగి), పేషెంట్ నొప్పి అంటున్నా ఎక్కించడం ఆపలేదని తీర్పులో ఉంది. కోర్టులో వాదన నడిచింది మందు లేబుల్ మీది హెచ్చరిక గురించి, తయారీ కంపెనీ వైత్ ఓడిపోయింది. ఈ వ్యాసానికి పనికొచ్చే సంగతి వేరు. మందు ఇచ్చిన ఆ వ్యక్తి లైసెన్స్ ఉండే వృత్తిలోని మనిషే. లైసెన్స్ దానంతటదే చేతిని కాపాడలేదు. నొప్పి అన్న మాట విని ఆగడం కాపాడేది. లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా తప్పిపోగల చోట, ఆ మాటకు అర్థమేంటో నేర్పకుండా టెక్నీషియన్‌ని నిలబెట్టకూడదు.

నా లైసెన్స్ మీద పనిచేస్తున్నాడు

వార్డుల్లో నర్సుల మధ్య బాగా నలిగే మాట ఇది. టెక్నీషియన్ తప్పు చేస్తే నా లైసెన్స్ పోతుందన్న భయం చాలామందికి ఉంది. ఈ భయం సగమే నిజం. ఒకరి లైసెన్స్ మీద ఇంకొకరు పనిచేయడమంటూ ఉండదు. నర్సు తను తీసుకున్న అప్పగింత నిర్ణయానికి, తన పర్యవేక్షణకు జవాబుదారీ. టెక్నీషియన్ తను చేసిన పనికి బాధ్యుడు. ఉద్యోగి పని మీద ఉండగా చేసిన పొరపాటుకు యజమానిగా ఆసుపత్రి కూడా నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు.

బోర్డు విచారణలో వచ్చే ప్రశ్నలు కూడా ఇదే తరహాలో ఉంటాయి. రాష్ట్రం, ఆసుపత్రి ఈ పని అప్పగించడానికి ఒప్పుకుంటున్నాయా? ఇతను నేర్చుకున్నాడని నీకెలా తెలుసు? పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉందని నువ్వే చూశావా? ఏం చెప్పి పంపావు? తర్వాత వచ్చి చూశావా? వీటికి జవాబులున్న నర్సు టెక్నీషియన్ చేతి పొరపాటుకు భయపడాల్సినంత అవసరం లేదు. జవాబులు లేని నర్సు, ఏ పొరపాటూ జరగకపోయినా, ప్రమాదంలోనే ఉంది. అందుకే అప్పగించను అనే హక్కు నర్సుకి ఉండాలి, నాకు రాదు అనే హక్కు టెక్నీషియన్‌కి ఉండాలి. రాతలో రెండూ ఉంటాయి. రాత్రి మూడు గంటలకు, వెయిటింగ్ హాలు నిండి ఉన్నప్పుడు, ఆ మాట అన్నవాళ్లని తర్వాత షెడ్యూల్‌లో ఎలా చూస్తారన్నదే అసలు పరీక్ష.

సమయం నిజంగా మిగులుతుందా?

ఆసుపత్రులు ఈ పద్ధతి వైపు మొగ్గడానికి కారణం తెలిసిందే. నర్సులు సరిపోవడం లేదు, టెక్నీషియన్ జీతం తక్కువ. ఇందులో మరో సంగతి కలిసింది. ఒకప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఐవీలు మాత్రమే చూసుకునే ప్రత్యేక నర్సుల బృందాలుండేవి. ఖర్చు తగ్గించుకునే పేరుతో వాటిలో చాలావాటిని ఎత్తేశారు. ఆ నైపుణ్యం వార్డులన్నిటికీ పలచగా పరుచుకుంది. ఇప్పుడు ఆ ఖాళీని టెక్నీషియన్లతో నింపుతున్నారు. ఒకప్పుడు లైసెన్స్ ఉన్న నిపుణులు చేసిన పని, మధ్యలో ఎవరి పనీ కాకుండా పోయి, లైసెన్స్ లేనివాళ్ల దగ్గరికి చేరిందన్నమాట. నర్సులు అనుమానంగా చూస్తే అందులో తప్పేముంది?

సరిగ్గా అప్పగిస్తే నర్సు సమయం పూర్తిగా మిగలదు. ముందు పేషెంట్‌ని చూడాలి, చెయ్యి ఎంచాలి, సూచన ఇవ్వాలి, తర్వాత వచ్చి సరిచూడాలి. సులువైన సిర అయితే తనే పెట్టేయడానికి పట్టే సమయానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. రక్తపరీక్షలతోపాటు లైన్లు వరసగా పెట్టాల్సిన ఎమర్జెన్సీలో, ఆపరేషన్‌కి ముందు పేషెంట్లని సిద్ధం చేసే విభాగంలో లాభం నిజంగా కనబడుతుంది. అక్కడ పేషెంట్లు చాలావరకు ఒకే తరహా, నర్సు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. కారిడార్ రెండు చివర్లా ఐదుగురు పేషెంట్లున్న వార్డులో, వేరే గదిలో రక్తం ఎక్కిస్తున్న నర్సు అక్కడి నుంచి చేసే పర్యవేక్షణను పర్యవేక్షణ అనడం కష్టం. కాలిఫోర్నియాలో ఒక నర్సుకి ఎమర్జెన్సీలో నలుగురు, మామూలు వార్డులో ఐదుగురికి మించి పేషెంట్లు ఉండకూడదని నియమం ఉంది. ఆ లెక్కలో టెక్నీషియన్లు రారు. టెక్నీషియన్ ఉన్నాడు కదా అని నర్సుకి ఇంకో పేషెంట్‌ని అప్పగించే చోట మాత్రం, అప్పగింత వల్ల మిగిలిన నిమిషాలన్నీ ఆ కొత్త పేషెంట్‌కే పోతాయి. పర్యవేక్షణకు ఏమీ మిగలదు.

ఇంకో పరిణామం మీద ఎవరి దృష్టీ పెద్దగా పడదు. లైన్ పెట్టడం సులువైతే లైన్లు పెరుగుతాయి. అవసరమొస్తుందేమో, ఎందుకైనా మంచిది, రక్తం తీస్తూ పనిలో పనిగా ఒకటి పెట్టేయ్ అంటారు. ఎమర్జెన్సీలో పెట్టిన కాన్యులాల్లో పెద్ద భాగం ఒక్కసారి కూడా వాడకుండానే తీసేస్తున్నారని ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. వాడకపోయినా ఆ గొట్టం చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్లిందే. సిర వాచిపోవచ్చు, అరుదుగానైనా స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి చేరవచ్చు. వాడుతున్నవాటి సంగతీ అంత గొప్పగా లేదు. మూడో వంతు నుంచి సగం దాకా చికిత్స పూర్తికాకముందే మూసుకుపోవడమో, ఊడిపోవడమో, వాచిపోవడమో జరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. లైన్ పెట్టాలా వద్దా అన్నది నర్సో డాక్టరో ప్రతిసారీ తేల్చాలనడం అందుకే.

పెట్టాక చూడటమూ అంతే. మామూలు పేషెంట్‌కి కనీసం నాలుగు గంటలకోసారి, స్పృహ సరిగా లేనివాళ్లకు, తీవ్రంగా జబ్బు పడ్డవాళ్లకు గంట రెండు గంటలకోసారి, పసిపిల్లలకు గంట గంటకూ గొట్టం చోటును పరిశీలించాలని ఇన్ఫ్యూజన్ నర్సుల ప్రమాణాలు అంటాయి. ఎర్రబడిందా, గట్టిపడిందా, చల్లగా ఉబ్బిందా అన్నది టెక్నీషియన్ కూడా గమనించి చెప్పగలడు, చెప్పాలి. దాన్నిబట్టి మందు ఆపాలా, లైన్ మార్చాలా అన్నది నర్సు తేల్చాలి. కీమో మందులు, బీపీ పెంచే మందులు వెళ్లే లైన్లు, పసిపిల్లల చేతులు, బీపీ ప్రమాదకరంగా పడిపోయి షాక్‌లో ఉన్న పేషెంట్లు, మెడలోనో ఛాతీలోనో పెట్టే సెంట్రల్ లైన్లు అసలు ఈ చర్చలోకే రాకూడదు. అక్కడ చేతిపనికీ నిర్ణయానికీ మధ్య విడదీయడానికి ఏమీ లేదు.

శిక్షణ విషయంలో ఒక్క మాట. ప్లాస్టిక్ చేతి మీద నేర్చుకోవడం, కొన్ని లైన్లు పక్కన నర్సుండగా పెట్టి సంతకం తీసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఎవరు ఎన్నిసార్లు విఫలమయ్యారో లెక్క ఉంచే ఆసుపత్రులు అరుదు. ఆ లెక్క లేకుండా సామర్థ్యం ఉందనడం నమ్మకమే, ఆధారం కాదు. శిక్షణలో టెక్నీషియన్ సొంత భద్రత కూడా ఉండాలి. హెచ్ఐవీ ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే ఆ జబ్బు సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ బీకి టీకా వేసుకోనివాళ్లలో అంతకన్నా చాలా ఎక్కువ. పనిలో రక్తం తగిలే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బీ టీకా ఉచితంగా ఇవ్వాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు 1991లోనే చెప్పాయి. సురక్షితమైన సూదులు వాడాలని 2000లో వచ్చిన చట్టం తప్పనిసరి చేసింది. లైసెన్స్ ఉందా లేదా అని ఇవి అడగవు.

ఇంతవరకూ చర్చలో లేని మనిషి పేషెంట్. చెయ్యి చాచి పడుకున్నవాళ్లకు స్క్రబ్స్ (ఆసుపత్రి యూనిఫాం) వేసుకున్న ప్రతి ఒక్కరూ నర్సే. కొన్ని రాష్ట్రాల్లో బ్యాడ్జి మీద పేరుతోపాటు హోదా కూడా స్పష్టంగా కనబడాలని చట్టం ఉంది. ఎక్కడైనా సరే, "నేను టెక్నీషియన్‌ని, మీ నర్సు చెప్పగా లైన్ పెట్టడానికి వచ్చాను" అని గుచ్చకముందే చెప్పడానికి రెండు క్షణాలు పడుతుంది. నర్సే పెట్టాలని పేషెంట్ అడిగితే నర్సు రావాలి. చార్టులో కూడా రెండు పేర్లుండాలి, లైన్ పెట్టింది ఎవరు, ఫ్లష్ చేసి సరిచూసింది ఎవరు, ఏ సమయానికి. ఆ రెండు సమయాల మధ్య ఎంత తేడా వస్తోందో నెలకోసారి లెక్క తీస్తే, ఆ విభాగంలో పర్యవేక్షణ ఎంత నిజమో మేనేజర్‌కి వేరే ఆడిట్ లేకుండానే తెలిసిపోతుంది.